విందునాటి ఆలుగడ్డ – వండినదాని వంతు



ఇంటిల్లిపాదియు నొక్కచోట కూర్చుండి భుజించు రాత్రి నేటి కుటుంబములకు నెలకొక్కమారైనను దొరకుట యరుదైపోయినది. కుమారుడు హైదరాబాదున చదువుచుండును. కూతురు అత్తవారింట నుండును. యజమానుడు పనిమీద ఊళ్లు తిరుగుచుండును. పండుగకో, రెండవ శనివారమునకో యందఱు నిల్లు చేరినప్పుడు గృహిణి మనస్సున మెదలు మొదటి ప్రశ్న "ఏమి వండుదము?" అనునదియే. పప్పు ఎటులైనను ఉండును, పచ్చిపులుసు ఉండును, పెరుగు ఉండును. కాని యివి యెన్ని యున్నను విందనిపించుకొనవు. విందనిపించునది, పిల్లలు బస్సు దిగి గడప త్రొక్కుచునే వాసన పట్టి యడుగునది, విస్తరిలో నొక ప్రక్కన పడు వేపుడు. మా దేవరకొండ ప్రాంతమున ఆ వేపుడు తఱచుగా ఆలుగడ్డయే.

నూనె, నేయి, కొబ్బరి ధారాళముగా పట్టు ఈ వంటకము దినదినమును చేయదగినది కాదు. నెలకొకనాడు చేయదగినది. నెలకొకనాడు చేయుదానిని మాత్రము చేయి బిగబట్టి చేయరాదు. ఈ మాసము మేము రెండు సంగతులు వ్రాయదలచితిమి. ఒకటి, ఆ వేపుడు పైన కరకరలాడుచు లోన మెత్తగా నుండునట్లు చేయు విధము. రెండవది, దానిని వండినయామెకు దానిలో వంతు దక్కు విధము. మొదటిదానిని చెప్పువారు పలువురు కలరు. రెండవదానిని చెప్పువారరుదు.

పరదేశపు చుట్టము

ఆలుగడ్డ నేడు మన యింటి వస్తువుగా కనబడుచున్నను అది చుట్టపుచూపునకు వచ్చి నిలిచిపోయినది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా ఖండమునందలి ఆండీసు పర్వతములు. నేడు పెరూ, బొలీవియా యనబడు దేశములచ్చటనే యున్నవి. అచ్చటి జనులు సుమారు 8 వేల యేండ్ల క్రిందటనే దీనిని సాగులోనికి తెచ్చిరని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. స్పెయిను దేశస్థులు 16వ శతాబ్దమున దానిని యూరపునకు గొనిపోయిరి. పోర్చుగీసువారి యోడలలో 17వ శతాబ్దారంభమున అది మన పశ్చిమ తీరమున దిగినది. మహారాష్ట్రులు నేటికిని దానిని బటాటా యనుట ఆ రాక గుర్తు. ఆంగ్లేయుల కాలమున సాగు విస్తరించినది. కోస్తావారు బంగాళాదేశపు పేరుతో దానిని బంగాళాదుంప యనిరి. రాయలసీమవారు ఉర్లగడ్డ యనిరి. మనము ఆలుగడ్డ యంటిమి. సంస్కృతమున ఆలువు, ఆలుకము అను మాటలు పూర్వమే కందజాతి దుంపలకు గలవు. ఉత్తరదేశీయులు ఆ పాత పేరునే యీ క్రొత్త చుట్టమునకు పెట్టుకొనిరి. ఉర్దూవారి నోటను ఆలూయే. 1948వ సంవత్సరము వరకు నైజాము రాజ్యమున నుండిన మన ప్రాంతమున ఆ పేరే స్థిరపడినది.

మా యూరి కోట నొకమారు తలచుకొందము. 14వ శతాబ్దమున పద్మనాయక ప్రభువులు దానిని గట్టించి యేలిరి. వారి వంటశాలలో ఆలుగడ్డ లేదు. దానిని వేచుటకు పల్లినూనె లేదు. పైన చల్లుటకు మిరపకారము లేదు. ఈ మూడును 1492వ సంవత్సరమున కొలంబసు అమెరికాకు త్రోవ తెఱచిన తరువాత సముద్రము దాటి వచ్చినవే. శ్రీనాథ మహాకవి యెన్ని రాజాస్థానముల విందులు గుడిచినను ఈ వేపుడు రుచి యెఱుగడు. విష్ణుచిత్తుడు ఋతువు ననుసరించి యతిథులకు బెట్టిన భోజనములను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో నెంత విరివిగా వర్ణించెనో చదివినవారెఱుగుదురు. అందు కారమన్నచో అది మిరియపు కారమే.

ఇట్లు పరదేశపు వస్తువులు మూడు గలిసి, మన పొయ్యిమీద నొక్కటియై, మనవే యైపోయినవి. నేడు నాగరుకర్నూలు, వనపర్తి వైపు యాసంగిలో పల్లి విరివిగా పండుచున్నది. మిరపకాయ లేని తెలంగాణపు వంటను తలచుటకే వీలులేదు. దీనినిబట్టి వంటలో మార్పు రాదనుట సత్యము కాదు. వండు వస్తువు మారినది, పాత్ర మారినది, పొయ్యి మారినది. ఎవరు ముందు తినవలెను, ఎవరు కడపట తినవలెను అను వరుస మాత్రము పెక్కిండ్లలో మారలేదు. ఆ మాట తరువాత చెప్పెదము. ముందు వేపుడు కానిండు.

గడ్డ నెన్నుకొనుట

దేవరకొండ మెట్టనేల జొన్నకు, ఆముదమునకు, పల్లికి, ప్రత్తికి తగినది. అంగడిలో మాకు దొరకు ఆలుగడ్డ మిక్కిలిగా పైనుండి వచ్చునదే. తెలంగాణమున నది సంగారెడ్డి జిల్లా జహీరాబాదు వైపు చలికాలమున పండును. తక్కినది ఆగ్రా మొదలగు ఉత్తరదేశపు తావులనుండి లారీలలో వచ్చును. అచ్చటి రైతులు మాఘ ఫాల్గుణములలో త్రవ్విన గడ్డను శీతల గిడ్డంగులలో నుంచి, కార్తికము వరకు కొంచెము కొంచెముగా విక్రయింతురు.

ఈ సంగతి వేపుడు చేయువారు తప్పక యెఱిగియుండవలెను. మిక్కిలి చలిలో నుంచిన గడ్డలో పిండిపదార్థము కొంత చక్కెరగా మారును. అట్టి గడ్డను వేచినచో లోపల ఉడుకకమునుపే పైన నల్లబడును. రుచి యొక విధమైన తీపుగా నుండును. వండినయామె మంట హెచ్చైనదని తన్ను దూఱుకొనును గాని లోపము మంటలో లేదు, గడ్డలోనే యున్నది. ఆ గడ్డను ఇంట వెలుతురు సోకని చోట గాలియాడు బుట్టలో వారము పదిదినము లుంచినచో ఆ చక్కెర చాలవఱకు తగ్గును. కాబట్టి విందునకు వలసిన గడ్డను ముందు వారమే తెచ్చియుంచుకొనుడు. పచ్చి గడ్డను ఫ్రిజులో మాత్రము పెట్టకుడు. అచ్చటను అదే చలి, అదే తీపు.

మన దేశమున ఆలుగడ్డ పరిశోధనకై 1949వ సంవత్సరమున పాట్నాలో నొక కేంద్రసంస్థ వెలసినది. 1956లో అది సిమ్లాకు మారినది. సిమ్లా చేరువనున్న కుఫ్రీ యను ఊరి పేరే అచ్చటివారు తాము కనిపెట్టిన రకములకు పెట్టుచున్నారు. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి మొదలగు పేర్లు వినియుందురు. వేచినను నల్లబడని గడ్డకై ప్రత్యేకముగా తీసిన రకము చిప్సోనా. అంగడిలో గోనెసంచి మీద ఆ పేరు కనబడినచో విడువకుడు.

పచ్చబడిన గడ్డను కొనకుడు. వెలుతురు సోకినచో గడ్డ పచ్చబడుటయే గాక, చేదైన విషమొకటి దానిలో పెరుగును. ఉడికించినను ఆ విషము పోదు. మొలక లెత్తి ముడుతలు పడిన గడ్డయు నట్టిదే. నిమ్మకాయంత పరిమాణమున, చర్మము బిగువుగా నున్నవాటిని ఏఱుకొనుడు.

కావలసిన వస్తువులు

వండునామెతో గూడ ఎనిమిదిమందికి ఈ లెక్క: నిమ్మకాయలంతటి ఆలుగడ్డలు 1½ కిలో, అనగా లెక్కకు 32 గడ్డలు. పల్లినూనె 150 మిల్లీలీటర్లు. నేయి రెండు పెద్ద చెంచాలు. కుడుక చిప్ప ఒకటి. నువ్వులు రెండు పెద్ద చెంచాలు. ఎండుమిరపకాయలు 12 మొదలు 15 వఱకు, మీ యింటి నోటికి తగినన్ని. ధనియాలు రెండు పెద్ద చెంచాలు. జీలకర్ర ఒక చిన్న చెంచా. వెల్లుల్లి గడ్డ యొకటి. బియ్యపుపిండి రెండు పెద్ద చెంచాలు. కరివేపాకు గుప్పెడు. పసుపు, ఉప్పు.

చేయు విధానము

గడ్డలను తొక్కతోనే కడిగి, చన్నీటిలో వేసి, ఆ నీటిలోనే రెండు చెంచాల ఉప్పు, చిటికెడు పసుపు వేసి పొయ్యిమీద నుంచుడు. మరుగు నీటిలో వేసినచో పైపొర చితికిపోవును, లోపల పచ్చిగా నుండును. నీరు మరుగసాగిన పిమ్మట పండ్రెండు నిమిషములకు కత్తిమొన గ్రుచ్చి చూడుడు. మొన దిగవలెను గాని కొంచెము పట్టుకొనుచు దిగవలెను. అపుడు దింపి వార్చుడు. కుక్కరులో ఉడికించుటను మేము వద్దందుము. ఈలల లెక్కలో గడ్డ పదును తెలియదు.

వేడి తగ్గిన పిదప తొక్క తీసి, రెండేసి ముక్కలు చేసి, వెడల్పైన తాంబాళమున పఱచి, ఫ్యాను గాలికి అరగంట యాఱనిండు. ఈ అరగంటయే వేపుడునకు ప్రాణము. ఉడికిన గడ్డలో పిండి నీటిని పీల్చి ఉబ్బియుండును. చల్లాఱునప్పుడు అది గట్టిపడును, పైతడి యెగిరిపోవును. తడి ముక్క నూనెలో పడినచో ఆ తడి ఆవిరియై పోవువఱకు ముక్క ఉడుకును గాని వేగదు. అంతలో గంటె తగిలి చితికిపోవును. ఆఱిన ముక్కలపై బియ్యపుపిండి చల్లి, గిన్నెలో పోసి మూతపెట్టి రెండుమూడుమార్లు కుదుపుడు. అంచులు కొంచెము గరుకెక్కును. ఆ గరుకే నూనెలో కరకరలాడు పొర యగును.

ముక్కలాఱుచుండగా కారము సిద్ధము చేసికొనుడు. ధనియాలు, మిరపకాయలు, జీలకర్ర, నువ్వులు వేర్వేఱుగా నూనె లేకయే వేయించుడు. నువ్వులు చిటపటలాడిన వెంటనే దింపవలెను. కుడుకను సన్నగా తఱిగి, వేడిగానున్న పెనముపై ఒక్క నిమిషము త్రిప్పినచో చాలును. అన్నిటిని ఉప్పుతో గలిపి బరకగా దంచుడు. కడపట వెల్లుల్లిలో సగము వేసి ఒక్కమారు నూఱుడు. మెత్తని పొడి ముక్కకంటుకొని బురదయగును. బరకపొడి ముక్కమీద నిలుచును.

ఇనుపమూకుడు వెడల్పైనది యెన్నుకొనుడు. నూనె పోసి, జీలకర్ర గింజ యొకటి వేసి చూడుడు. వెంటనే చిటపటలాడి తేలినచో కాగినట్లు. ముక్కలను కోసినవైపు క్రిందికుండునట్లు ఒక్క వరుసగా పేర్చుడు. మూకుడు చాలనిచో రెండు వాయిలుగా చేయుడు. ఒకదానిపై నొకటి క్రుక్కినచో ఆవిరి పట్టి మెత్తబడును. పేర్చిన పిదప ఆఱేడు నిమిషములు గంటె ముట్టించకుడు. మా వైపు దీనిని గోలించుట యందురు. గోలించుట యనగా కదపుట కాదు, కనిపెట్టుకొనియుండుట. అడుగు బంగారువన్నె రాగానే త్రిప్పుడు. అన్ని వైపులును అట్లగువఱకు సుమారు ఇరువది నిమిషములు పట్టును. మూత పెట్టరాదు.

రంగునుగూర్చి యొక మాట. మాడినది రుచియనువారు కలరు. 2002వ సంవత్సరమున స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు, పిండిపదార్థములను హెచ్చువేడిలో ఎఱ్ఱగా మాడ్చినచో అక్రిలమైడు అను హానికరమైన పదార్థము పుట్టునని కనుగొనిరి. కావున బంగారువన్నె వఱకే గోలించుడు. నలుపు వఱకు పోనీయకుడు.

మిగిలిన వెల్లుల్లి చితుకగొట్టి, కరివేపాకుతో గూడ చివరి రెండు నిమిషములలో వేయుడు. ముందుగా వేసినచో మాడి చేదగును. మూకుడు దింపి, మిగులు నూనెను ప్రక్కకు వంచి, ముక్కలపై కారము చల్లి, నేయి వేసి, రెండు చేతులతో మూకుడు పట్టి యెగురవేయుడు. పొయ్యిమీద నుండగా కారము వేసినచో కుడుక మాడును. పచ్చిపులుసు అన్నములోనికి, జొన్నరొట్టెలోనికి దీనిని మించినది మాకు తెలియదు.

మితము

ఇంట మధుమేహమున్న పెద్దలుందురు. వారి ముందు దీనిని పెట్టక దాచుట క్రూరము. లెక్కలేక పెట్టుట యంతకంటె క్రూరము. ఆలుగడ్డను కూరగా గాక అన్నముగా లెక్కించుడు. పచ్చి గడ్డ 100 గ్రాములలో సుమారు 17 గ్రాముల పిండిపదార్థముండును. ప్రపంచ ఆరోగ్యసంస్థ దినమునకు 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినుడని చెప్పుచు, ఆ లెక్కలో ఆలుగడ్డను చేర్చలేదు. కావున నాలుగు ముక్కలు పెట్టినచో ఆ మేర అన్నము తగ్గింపుడు, ప్రక్కన ఆకుకూర పప్పు పెట్టుడు. మా మామగారు ఆ రాత్రి అన్నము మాని ఒక్క జొన్నరొట్టెతో నాలుగు ముక్కలు తిందురు. ఐదవ ముక్క నడుగరు. అడుగకపోవుటలో వారి మర్యాద యున్నది.

వడ్డన

పైలెక్క మరల చూడుడు. 32 గడ్డలు, 64 ముక్కలు, ఎనిమిదిమంది. మనిషికి ఎనిమిదేసి ముక్కలు. ఈ లెక్క చిన్నపిల్లలకు గూడ తెలియును. కాని యింటిలో ఇది యెట్లు జరుగుచున్నదో గమనింపుడు.

మా పొరుగింటి యామెను ఒకనాడు "ఇంట నెందఱు?" అని యడిగితిమి. "ఏడుగురం" అని యామె వెంటనే చెప్పెను. వ్రేళ్లు మడచి లెక్కింపగా ఎనమండుగురు. విడిచినది తన్నే. బియ్యము కొలుచునప్పుడును ఆమె ఏడుగురికే కొలుచును. ఎనిమిదవదాని కడుపు అడుగంటిన దానితో నిండునని ఆమె లెక్క. ఆమె తెలివితక్కువది కాదు. ఆమె తల్లియు, తల్లి తల్లియు ఆ కొలతనే ఆమె చేతికిచ్చిరి.

వేపుడు విషయమున ఇది మఱింత స్పష్టముగా కనబడును. పప్పు చాలనిచో నీరు పోయవచ్చును, పులుసు చాలనిచో పలుచన చేయవచ్చును. వేపుడునకు నీరు పోయుట లేదు. తీరినచో తీరినట్లే. తొలుత కూర్చున్నవారి విస్తరిలో పది పండ్రెండు ముక్కలు పడును. "ఇంకొక్కటి" యని పిల్లవాడు చేయి చాచును. ఆడుపిల్లకు ఆఱు పడిన చోట మగపిల్లవానికి తొమ్మిది పడుటయు కలదు. అందఱు లేచిన పిదప మూకుడున నాలుగు విఱిగిన ముక్కలు, చల్లారి మెత్తబడినవి, మిగులును. ఆమె వాటిని పచ్చడితో కలుపుకొని, నిలువుకాళ్లమీదనే తినివేయును. అడిగినచో "వండినప్పుడే నాకు కడుపు నిండును" అనును. ఆ మాట సత్యము కాదని వినువారికి తెలియును, చెప్పునామెకును తెలియును.

మా యత్తగారు ఈ వేపుడు చేయుటలో మాకు గురువు. పైన వ్రాసిన పదునులన్నియు ఆమె చేతివి, ఇనుపమూకుడును ఆమెదే. నలువదియేండ్లు ఆమె ఆ మూకుడు ముందు నిలిచెను. ఒక సంక్రాంతి ముందటి శనివారము రాత్రి మఱది కుటుంబము హైదరాబాదునుండి వచ్చినప్పుడు, మామగారు పీటమీద కూర్చుండి, "ఆమెకు గూడ ఇక్కడనే వెయ్యుండ్రి" అనిరి. ఆమె వలదనెను. తోడికోడలును మేమును చేయిపట్టి కూర్చుండబెట్టితిమి. మూకుడు దింపి నిమిషమైన కాలేదు. తొలిముక్క నోట బెట్టుకొని ఆమె కొంతసేపు మాటాడలేదు. కారము హెచ్చైనదేమోయని మేమడిగితిమి.

"కారం గాదు బిడ్డా," అనెను. "ఇది ఇట్ల కరకరలాడుతదని నాకెరుకనే లేదు. నా వంతుకొచ్చేసరికి ఎప్పుడు మెత్తగనే ఉండె."

ఎవరును మాటాడలేదు. మామగారు తమ విస్తరినుండి యొక ముక్క తీసి ఆమె విస్తరిలో వేసిరి.

అరణ్యపర్వము చదివినవారికి అక్షయపాత్ర కథ తెలియును. సూర్యుడు ధర్మరాజున కనుగ్రహించిన ఆ పాత్రలో ద్రౌపది భుజించువఱకు అన్నము తఱుగదు. వెంటవచ్చిన విప్రులు, అతిథులు, పతులు అందఱు తినిన పిదపనే ఆమె తినెడిది. ఈ కథ చెప్పువారందఱు అతిథిసంతర్పణమును కొనియాడుదురు. అది యుచితమే. కాని ఆ వరములో నింకొక సంగతి యున్నది. వేలమంది తినినను ఆ పాత్రలో ద్రౌపది వంతు మిగిలియే యుండును. ఆమె తినువఱకు పాత్ర రిక్తము కాదు. ఆమె కడపట తినెను గాని కొఱతగా తినలేదు. మన యిండ్లలో ద్రౌపది వరుస నిలిచినది, సూర్యుని పాత్ర మాత్రము లేదు. పాత్ర లేనిచోట ఆ వరుస నొక్కదానినే పాటించుట న్యాయము కాదు.

ఇది వేపుడు ముక్కల తగవు మాత్రము కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు దేశమంతటి లెక్క తేలినది. మన తెలంగాణమును దానికి భిన్నముగా లేదు. రక్తహీనతకు కారణములు పెక్కు కలవు. ఆలుగడ్డ తినినచో రక్తము పట్టునని మేము చెప్పుట లేదు. కాని వేపుడు తీరిపోవు విస్తళ్ల దగ్గఱనే ఆకుకూరయు, పప్పును, గ్రుడ్డును, పాలును తీరిపోవుచున్నవి. కడపట కూర్చున్నదానికి దినదినము మిగులునది అన్నము, పచ్చడి, మజ్జిగనీరు. విందునాడు వేపుడును సమముగా పంచుట యలవడినచో, మఱునాడు పప్పును సమముగా పంచుట కష్టము కాదు.

మేము పాటించు పద్ధతి చెప్పెదము. లెక్కించునప్పుడు మొదట వండునామెను లెక్కించి, తరువాత తక్కినవారిని లెక్కింపవలెను. ముక్కలన్నియు ముందే గోలించి, మూత లేని మూకుడుననే యుంచి, అందఱు కూర్చున్న పిదప ఒక్క నిమిషము వేడిచేసి, కారము చల్లి, మూకుడును నడుమ పెట్టవలెను. అపుడు వండునామె పొయ్యి దగ్గఱ నిలువనక్కఱ లేదు. ఆమెయు కూర్చుండవచ్చును. తొలి వడ్డన అందఱికి ఆఱేసి ముక్కలు. తక్కిన రెండేసి, అడిగినవారి కనుగుణముగా, వలదన్నవారి వంతునుండి మార్చవచ్చును. ఎవరైనను రాక ఆలస్యమైనచో వారి వంతును వేఱు గిన్నెలో తీసియుంచుదురు గదా! వండినయామె ఏ కారణముచేతనైన తరువాత తినవలసివచ్చినచో ఆమె వంతును అట్లే అందఱి యెదుట తీసియుంచవలెను. చాటున దాచినచో అది దొంగతిండి యగును, అందఱెదుట తీసినచో న్యాయమగును.

"ఇల్లాలు అన్నపూర్ణవంటిది, ఆమె తన వంతు చూచుకొనునా?" అని కొందఱందురు. అన్నపూర్ణకు ఆకలి యుండదేమో, ఇల్లాలికి ఉండును. "అలవాటు లేని మగవారు నొచ్చుకొందురు" అని కొందఱందురు. మావారు బడిలో మధ్యాహ్న భోజనపువేళ పిల్లల వరుసల నడుమ నిలిచి, ప్రతి పళ్లెమునను గరిటె సమముగా పడుచున్నదో లేదో చూచువారు. కడపటి పిల్లకు కూర తగ్గినచో ఊరుకొనరు. "బడిలో చూచునది ఇంటను చూడుడు" అని మేమనగా వారు నవ్విరి గాని కాదనలేదు. ఇప్పుడు విందురాత్రి పెరుగు వడ్డన వారిదే. పెరుగు వేయుటకు శాస్త్రము చదువనక్కఱ లేదు.

వచ్చు మాసము పచ్చిపులుసును, అందులోనికి ఉల్లిగడ్డ తఱుగు పదునును వ్రాసెదము. అంతవఱకు ఆలుగడ్డనుగూర్చి యొక్క మాట మిగిలినది. ముక్కలు తీరిన పిదప మూకుడు అడుగున కుడుకపొడి, వెల్లుల్లి తునుకలు, నేయి అంటుకొనియుండును. అందు గుప్పెడు వేడి యన్నము వేసి కలిపినచో కలుగు రుచి ముక్కలలో గూడ లేదు. ఆ ముద్దను మాత్రము సమముగా పంచనక్కఱలేదు. అది వండినదానిది.